పిల్లకా, పొలానికా సంరక్షకుడు?

(ఖతార్‌లోని తెలుగువారి కోసం నడిచే రేడియో కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

శుక్రవారం పూట, అదీ భోజనాల వేళకి ముందు, చావుల గురించీ చట్టాల గురించీ మాట్లాడ్డానికి వచ్చాను. కోప్పడకండి. నేను లాయర్ని కాను. ఇక్కడ దోహాలో సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుగా పనిచేస్తున్న మామూలు మనిషిని. చదివింది ఎమ్సీయే. చట్టం పుస్తకాలు తెరవాల్సిన అవసరం ఇన్సూరెన్సు ఫారంలోని ఒక చిన్న గడి వల్ల వచ్చింది.

ఆ మధ్య ఒక పాలసీ తీసుకుంటూ సగం మా ఆవిడ పేరున, సగం మా అమ్మాయి పేరున నామినేషన్ పెట్టాను. అమ్మాయికి ఆరేళ్ళు. నామినీ మైనరు కాబట్టి ఆ డబ్బు ఎవరి చేతికి ఇవ్వాలో పేరు రాయమని ఇంకో గడి తెరుచుకుంది. మా ఆవిడ పేరు కొట్టబోతుంటే తనే ఆపింది. "ఏమండీ, సల్వా రోడ్డు మీద మనిద్దరం ఒకే కారులో కదా వెళ్తాం?" అంది. ఆ రాత్రి ఆ గడి నింపలేకపోయాం. ఎవరి పేరు అనుకున్నా ఇద్దరిలో ఒకరు "ఊఁ" అని ఊరుకున్నారు. మీ ఇంట్లో కూడా ఆ "ఊఁ" వినిపించే ఉంటుంది.

నాకు ఆ గడి అంత బరువెందుకైందో చెప్పాలి. మాది అప్పటి తూర్పుగోదావరిలో గొల్లప్రోలు దగ్గర పల్లెటూరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, 1998లో, మా నాన్నగారు పోయారు. పెదనాన్నగారే అన్నీ చూసుకున్నారు. 2003లో నాన్నగారి వాటాకొచ్చిన పొలంలో రెండెకరాలు అమ్మారు. అమ్మ రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళి సంతకం పెట్టింది. "బావగారు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాన్రా నాన్నా. ఆయన ముందు కూచుని కాగితం చదువుతానా?" అంటుంది ఇప్పటికీ. ఆ దస్తావేజులో అమ్మకందారుల్లో నేనూ ఉన్నాను. "మైనరు, తరఫున తల్లి" అని. ఈ సంగతి ముప్ఫై దాటాక ఈసీ తీయించినప్పుడు గాని నాకు తెలియదు.

ఇక చట్టం సంగతి. మన దగ్గర 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఉంది. దాని 8వ సెక్షన్ ప్రకారం తల్లిగాని తండ్రిగాని మైనరు బిడ్డ స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అమ్మితే ఆ బిడ్డ పెద్దయ్యాక ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకోవచ్చు. దానికి గడువు మేజరయిన నాటినుంచి మూడేళ్ళు. అంటే నాకు 21 ఏళ్ళు నిండేదాకా, 2010 దాకా, అవకాశం ఉంది. 2010లో నేను ఎమ్సీయే చదువుతూ, మెస్సు బిల్లు కోసం పెదనాన్నగారికి ఫోన్ చేస్తూ ఉన్నాను.

ఇంతకీ మైనరు ఆస్తికీ కోర్టుకీ ఈ ముడి ఎక్కడ పడిందని వెతుకుతూ పోతే ఇంగ్లండు రాజుల కాలం దాకా వెళ్ళాల్సొచ్చింది. అక్కడ భూమి రాజు ఇచ్చేవాడు, బదులుగా దొర యుద్ధానికి సైనికుల్ని తేవాలి. దొర చచ్చిపోయి కొడుకు చిన్నవాడైతే సైన్యానికొచ్చేదెవరు? కాబట్టి పిల్లవాడు పెద్దయ్యేదాకా ఆ భూమినీ, దాంతోపాటు పిల్లవాణ్ణీ పైప్రభువు తన చేతిలోకి తీసుకునేవాడు. పంట తనది. పిల్లవాడి పెళ్ళి కూడా తనదే. చూపించిన సంబంధం వద్దంటే పిల్లవాడే పరిహారం కట్టాలి. ఈ హక్కుని ఇంకొకడికి అమ్ముకోవచ్చు కూడా. గార్డియన్‌గిరీ అనేది సంతలో అమ్మే సరుకన్నమాట! 1215లో మాగ్నా కార్టా రాసుకున్నప్పుడు, వారసుడి భూమిని సంరక్షకుడు పాడుచేయకూడదని మొదటి షరతుల్లోనే పెట్టారంటే ఎంత పీల్చారో ఊహించుకోండి.

ఎనిమిదో హెన్రీ 1540లో దీనికి ఏకంగా ఒక కోర్టే పెట్టాడు, కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అని. ఎలిజబెత్ రాణి మంత్రి విలియం సెసిల్ 1561 నుంచి దానికి అధిపతి. ఆయన ఇంట్లో పెరిగిన మైనరు దొరల్లో ఆక్స్‌ఫర్డు ఎర్ల్ ఒకడు. ఆ కుర్రాడికి 1571లో ఎవరినిచ్చి పెళ్ళయిందనుకుంటున్నారు? సెసిల్ గారి సొంత కూతుర్నిచ్చి. 1646లో పార్లమెంటు ఆ కోర్టుని ఎత్తేసింది. 1660లో ఆ పద్ధతినే చట్టంతో రద్దు చేసి, తండ్రి తన బిడ్డకి సంరక్షకుణ్ణి వీలునామాలో రాసుకోవచ్చు అన్నారు. నా ఫారంలోని గడికి తాత అక్కడున్నాడు.

ఆ రోజుల్లోనే సైనిక బాధ్యత లేని మామూలు కమతాలకి ఇంకో ఆచారం ఉండేది. అది నాకు బాగా నచ్చింది. పిల్లవాడికి భూమి తండ్రి వైపునుంచి వస్తే పిల్లవాణ్ణి తల్లి వైపు వాళ్ళు పెంచాలి. తల్లి వైపు భూమి అయితే తండ్రి వైపు వాళ్ళు పెంచాలి. అంటే పిల్లవాడు పోతే ఆ ఆస్తి ఎవరికి రాదో వాళ్ళ చేతిలోనే పిల్లవాణ్ణి పెట్టాలి. వారసుడికే అప్పగిస్తే గొర్రెపిల్లని తోడేలుకి అప్పగించినట్టని అక్కడి పాత న్యాయవాదులు అనేవారు. మన భాషలో చెప్పాలంటే నాన్న పొలానికి మేనమామ కాపలా.

సరే, ఇంగ్లండులో ఎత్తేసిన ఆ పేరు నూటయాభై ఏళ్ళ తర్వాత మన కోస్తాలో లేచి కూచుంది. 1802లో మద్రాసు ప్రభుత్వం జమీందార్లతో శాశ్వత శిస్తు ఒప్పందం చేసుకుంది. దాన్నే మనవాళ్ళు పేష్కష్ అనేవారు. మరి జమీందారు పసివాడైతే పేష్కష్ ఎవరు కడతారు? 1804లో 5వ నంబరు రెగ్యులేషన్ తెచ్చి కోర్టు ఆఫ్ వార్డ్సు పెట్టారు. అది పేరుకే కోర్టు. జడ్జి ఉండడు. శిస్తు వసూలు చేసే రెవెన్యూ బోర్డే ఆ కోర్టు. ఇంగ్లండు రాజుకి సైనికులు కావాలి, కంపెనీకి రూపాయలు కావాలి. మధ్యలో పిల్లవాడు ఉన్నాడు.

మన పురాతన ధర్మశాస్త్రాల్లో ఈ ఊహ లేదని కాదు. బాలుడి ఆస్తిని వాడు చదువు ముగించి వచ్చేదాకా రాజు కాపాడాలని మనుధర్మశాస్త్రం ఎనిమిదో అధ్యాయంలో ఉంది. అయితే అక్కడ అది రాజు బాధ్యత. ఇంగ్లండు ఫ్యూడల్ పద్ధతిలో అది ప్రభువు ఆదాయం. కోర్టు ఆఫ్ వార్డ్సులో ఈ రెండూ కలిసిపోయాయి.

మా ఊరు తాతల కాలంలో పిఠాపురం జమీలోది కాబట్టి ఆ కథ చెప్తాను. పిఠాపురం రాజా గంగాధర రామారావుగారు బిడ్డలు లేక 1873లో ఒకర్ని దత్తత చేసుకున్నారు. 1885లో సొంత కొడుకు పుట్టాడు. జమీ ఈ చిన్నవాడికని వీలునామా రాసి 1890లో పోయారు. ఐదేళ్ళ పిల్లవాడు, కోట, జమీ, ఎదురుగా దత్తపుత్రుడి దావా. కోర్టు ఆఫ్ వార్డ్సు పిల్లవాడి తరఫున నిలబడింది. కేసు లండనులో ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్ళి 1899లో తేలింది. విడదీయడానికి వీల్లేని జమీ అయినా వీలునామాతో ఇవ్వొచ్చని తీర్పు వచ్చి చిన్నవాడు గెలిచాడు. ఆ కేసు శీర్షికలో ప్రతివాదిగా కోర్టు ఆఫ్ వార్డ్సు పేరు ఉంటుంది. 21 నిండాక 1906లో ఆయన చేతికి జమీ వచ్చింది. ఆయనే సూర్యరాయాంధ్ర నిఘంటువుకి పోషకులైన సూర్యారావుగారు. నేను డిగ్రీ చదివిన కాకినాడ పి.ఆర్. కాలేజీలో ఆ రెండక్షరాలూ పిఠాపురం రాజావారివే. కాబట్టి కోర్టు ఆఫ్ వార్డ్సు వల్ల అంతా చెడే జరిగిందనడానికి నాకు నోరు రాదు. అది లేకపోతే ఆ ఐదేళ్ళ పిల్లవాడు దివాణంలో ఎవరి చేతిలో పడేవాడో!

కానీ ఇంకో పక్క చూడండి. మద్రాసులో న్యూయింగ్టన్ అని పెద్ద బంగళా ఉండేది. మైనరు జమీందార్లని ఇళ్ళనుంచి తెచ్చి, అక్కడ ఉంచి, దొరల పద్ధతిలో చదివించేవారు. 1919 అక్టోబరులో ఒక రాత్రి దాని ప్రిన్సిపాలు డి లా హే నిద్రలోనే తుపాకీ గుండుకి చనిపోయాడు. కేసు ఆయన దగ్గర పెరుగుతున్న తమిళ దేశపు చిన్న జమీందార్ల మీద పడింది. ఒకడు అప్రూవరుగా మారాడు, ముద్దాయిగా నిలబడ్డ కడంబూరు కుర్రాణ్ణి బొంబాయిలో విచారించి వదిలేశారు. ఎవరు కాల్చారన్నది పక్కన పెడదాం. ఆస్తి లెక్కలన్నీ పైసాతో సహా సరిపోయి ఉండొచ్చు. ఆ ఇంట్లో పిల్లలు ఎలా ఉన్నారన్నది ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు.

ఆస్తి లేని పిల్లల సంగతేమిటని మీరడగొచ్చు. వాళ్ళ కేసే అసలు మనలాంటి విదేశీ తెలుగువాళ్ళు చదవాల్సిన కేసు. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిగారు అందరికీ తెలుసు. ఆయన తత్వం జోలికి నేను పోను, నా చేతకాదు. ఆయన తల్లి 1905లో పోయింది. తండ్రి నారాయణయ్యగారు రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరై, 1909లో పిల్లలతో అడయారు చేరారు. 1910 మార్చిలో కృష్ణమూర్తికీ తమ్ముడు నిత్యానందకీ అనీబిసెంటుగారిని సంరక్షకురాలిగా ఒప్పుకుంటూ కాగితం రాసిచ్చారు. ఆవిడ పిల్లల్ని చదువుకి ఇంగ్లండు తీసుకెళ్ళారు. తర్వాత తండ్రి మనసు మారింది, పిల్లల్ని తిరిగి ఇమ్మన్నారు, ఆవిడ ఇవ్వనన్నారు. 1912లో దావా. తండ్రి తరఫున వాదించింది సి.పి. రామస్వామి అయ్యరు. బిసెంటుగారు తన కేసు తనే వాదించుకున్నారు.

1913 ఏప్రిల్లో మద్రాసు హైకోర్టు తండ్రికే పిల్లలన్నది. ఇక్కడ తేదీలు చూడండి. కృష్ణమూర్తి 1895 మే నెలలో పుట్టాడు. అంటే ఇంకో నెలలో 18 నిండుతాయి, మేజరైపోతాడు. కానీ 1875 నాటి మెజారిటీ చట్టంలో ఒక మెలిక ఉండేది. కోర్టు గార్డియన్ని నియమించినా, ఆస్తి కోర్టు ఆఫ్ వార్డ్సు కింద ఉన్నా మైనరుతనం 18 కాదు, 21 దాకా సాగుతుంది. పిఠాపురం రాజావారు 21 దాకా ఆగింది అందుకే. మద్రాసు ఉత్తర్వు నిలబడి ఉంటే కృష్ణమూర్తి కూడా ఇంకో మూడేళ్ళు పిల్లవాడిగా ఉండాల్సిందే. ఈ మెలిక మన చట్టంలో 1999 దాకా బతికే ఉందంటే నమ్ముతారా? ఆ ఏడాది సవరించి అందరికీ 18 చేశారు.

1914 మేలో ప్రీవీ కౌన్సిలు మద్రాసు తీర్పుని కొట్టేసింది. తండ్రి సంరక్షకత్వం పవిత్రమైన నమ్మకం లాంటిది, బతికుండగా దాన్ని ఇంకొకరికి శాశ్వతంగా ధారపోయలేడు, పెంచమని అప్పగించినా వెనక్కి తీసుకోవచ్చు అన్నమాట ఒప్పుకుంది. అయితే పిల్లలు ఇంగ్లండులో ఉంటే మద్రాసులో వాళ్ళ మీద ఇలాంటి ఉత్తర్వు ఎలా ఇస్తారంది. ఎవరికైనా కావాలంటే ఇంగ్లండు హైకోర్టుకి వెళ్ళాలంది. పైగా ఆ పిల్లలకి ఏది మేలో, వాళ్ళేం కోరుకుంటున్నారో కనుక్కోలేదేమంది. కాగితం రాసిన తండ్రీ, రాయించుకున్న ఆవిడా, న్యాయమూర్తులూ అందరూ మాట్లాడాక నాలుగేళ్ళకి గాని, "ఆ కుర్రాళ్ళనెవరైనా అడిగారా?" అన్న ప్రశ్న రాలేదు. నాకు ఈ కథంతట్లో అదే పెద్ద మలుపనిపిస్తుంది. అప్పటిదాకా సంరక్షకత్వం అంటే ఎవరి హక్కు అన్న తగాదాయే.

ఇప్పటి చట్టాల్లోనూ పాతవాసన పూర్తిగా పోలేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమే ఇంకా నడుస్తోంది. 1956 చట్టంలో సహజ సంరక్షకుడు తండ్రి, "అతని తర్వాత" తల్లి. ఆ "తర్వాత" అంటే తండ్రి చచ్చాకేనా అని రచయిత్రి గీతా హరిహరన్ రిజర్వు బ్యాంకు మీద కేసు వేస్తే, 1999లో సుప్రీంకోర్టు, కాదు, తండ్రి ఆ బాధ్యత చూడని పరిస్థితుల్లో అని కూడా అర్థం అంది. 2015లో లా కమిషను, తల్లిదండ్రులిద్దర్నీ సమానం చేయమని నివేదిక ఇచ్చింది.

ఇక మనం ఉన్న చోటు. ఖతార్‌లో మైనర్ల సొమ్ము మీద సంరక్షకత్వానికి 2004లో 40వ నంబరు చట్టం, 2006లో 22వ నంబరు కుటుంబ చట్టం వచ్చాయి. ఇక్కడి చట్టంలో రెండు మాటలు వేరువేరు. బిడ్డని దగ్గరుంచుకుని సాకడం హదానా. బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకునే అధికారం విలాయా. కుటుంబ చట్టం ప్రకారం మామూలుగా హదానా తల్లిది, మగపిల్లాడికి 13, ఆడపిల్లకి 15 ఏళ్ళు వచ్చేదాకా. విలాయా తండ్రిది. ముస్లిమేతరులకి వాళ్ళ సొంత నియమాలు వర్తిస్తాయని కూడా అందులో ఉంది. అన్నట్టు మనం రోజూ తలుచుకునే కఫీల్ అన్న మాట కూడా ఈ కుటుంబంలోదే. కఫాలా అంటే పూచీ పడడం. అనాథ బిడ్డని చేరదీసి పోషించడాన్ని కూడా అదే మాటతో అంటారు. మన పిల్లల ఆర్పీలు మన పూచీ మీదే కదా ఉన్నాయి. మనమే లేకపోతే ఆ కాగితం పరిస్థితేమిటో ఒకసారి ఆలోచించండి.

నాకు అర్థమైనంతలో మనకి పనికొచ్చే ముక్క ఒకటుంది. తల్లిదండ్రులిద్దరూ పోయి, ఏ కాగితమూ లేకపోతే, ఊళ్ళో ఉన్న తాతో బాబాయో 1890 చట్టం కింద కోర్టుకి వెళ్ళి గార్డియన్ కావాలి. అలా కోర్టు నియమించిన గార్డియన్, 26వ సెక్షన్ ప్రకారం, కోర్టు అనుమతి లేకుండా బిడ్డని ఆ కోర్టు పరిధి దాటించకూడదు. హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉన్న మేనమామ పెంచుతానన్నా మళ్ళీ అర్జీ పెట్టుకోవాలి. అదే తల్లిదండ్రులు వీలునామాలో రాసిన గార్డియన్‌కి ఆ సెక్షన్ నిబంధన లేదు. అయితే తండ్రి ఒక్కడు రాస్తే చాలదు. తండ్రి పోయి తల్లి బతికుంటే తల్లే గార్డియన్, ఆయన రాసిన పేరు పనిచేయదు. తర్వాత ఆవిడ ఏమీ రాయకుండా పోతేనే ఆ పేరు మళ్ళీ లేస్తుంది. కాబట్టి ఇద్దరూ రాయాలి. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. మీ వివరాలకి మీ లాయర్ని అడగండి. నేను చెప్పింది విని రాసేసి తర్వాత నన్ను తిట్టొద్దు.

మేం ఏం చేశామంటే ఆ పాత ఇంగ్లీషు కమతాల సూత్రాన్నే పట్టుకున్నాం. హిందూ వారసత్వ చట్టంలో ఒక సంగతి ఉంది. ఆడపిల్ల సంతానం లేకుండా పోతే, తల్లి నుంచో తండ్రి నుంచో ఆమెకి వచ్చిన ఆస్తి తండ్రి వారసులకే వెళ్తుంది. మా అమ్మాయి విషయంలో తండ్రి వైపంటే చివరికి మా అమ్మా, పెదనాన్నగారి పిల్లలూ. వాళ్ళు తోడేళ్ళని కాదు నా ఉద్దేశం. కానీ బిడ్డని పెంచేది మా ఆవిడ తమ్ముడూ ఆయన భార్యా అని రాశాం. డబ్బు లెక్కలు మా పెద్దన్నయ్య, అంటే పెదనాన్నగారి పెద్దబ్బాయి, చూడాలని రాశాం. ఏటా లెక్క ఇద్దరూ కలిసి చూసుకోవాలి. మా అన్నయ్యకి ఫోన్‌లో చెప్తే కాసేపు మాట్లాడలేదు. "అంటే నా మీద నమ్మకం లేదన్నమాట" అన్నాడు. నమ్మకం ఉంది కాబట్టే డబ్బు నీ చేతిలో పెట్టానన్నాను. అది నిజమే, పూర్తి నిజమో కాదో నాకే తెలీదు.

ఎందుకంటే 2003 నాటి ఆ రెండెకరాల లెక్క నేను ఎక్సెల్‌లో వేశాను. మా వృత్తిరోగం అది. దస్తావేజులో ఉన్నది 3 లక్షల 80 వేలు. నా ఇంటరూ, హాస్టలూ, డిగ్రీ, ఎమ్సీయే ఎంత ఉదారంగా కలిపినా రెండున్నర దాటలేదు. మిగతాది ఎటు పోయిందో తెలీదు. అమ్మ ఆపరేషన్‌కి పెదనాన్నగారు కట్టిన డబ్బు ఏ గడిలో వేయాలో తెలీదు. పదేళ్ళపాటు నన్ను సైకిలు మీద కూచోబెట్టుకుని గొల్లప్రోలు స్టాండు దాకా దింపినదానికి రేటెంతో తెలీదు. అమ్మని అడిగితే, "ఆయన కోర్టుకెళ్ళి అనుమతి తెచ్చుకునుంటే నువ్వు చదువు మానేసి పొలంలో ఉండేవాడివి" అంది. అదీ నిజమే కావచ్చు. పెదనాన్నగారికి ఇప్పుడు 78 ఏళ్ళు. పోయిన వేసవిలో వెళ్ళినప్పుడు అరుగు మీద గంటసేపు ఆయన పక్కనే కూచున్నాను. మామిడికాయల ధర గురించి మాట్లాడుకున్నాం.

వీలునామా మీద సాక్షి సంతకాలు మా భవనంలోనే ఉన్న ఇద్దరు మలయాళీ మిత్రులవి. కాఫీ ఇచ్చి సంతకాలు తీసుకున్నాం. మర్నాడే వాళ్ళూ ఒకటి రాసుకుంటామని నమూనా పట్టుకెళ్ళారు. అంతకుముందే మేం ఇంకో పని చేశాం. ప్రీవీ కౌన్సిలు మాట గుర్తుండి, మా అమ్మాయినీ అడిగాం. "అమ్మా, ఎప్పుడైనా మేం లేకపోతే మావయ్యావాళ్ళింట్లో ఉంటావా?" అని. బొమ్మకి జడ వేస్తూ, తలెత్తకుండా, "అక్కడ ఏసీ ఉందా?" అంది. ఉందన్నాం. కాసేపాగి, "మీరెక్కడికెళ్తున్నారు?" అని అడిగింది.

ఎక్కడికీ వెళ్ళట్లేదమ్మా అని చెప్పాను.